స్పాంజి చెప్పులు

"ఎడమ కాలు గట్టిగా మోపండి. నాను పట్టుకున్నాను కదా!" ఆదిలక్ష్మమ్మ మొగుడి నడుం చుట్టూ చెయ్యేసి గదిమింది.

"నొప్పెడతంది. రేపు నడుత్తాను" అన్నాడు సన్యాసిరాజు.

"రేపూ లేదు, ఎల్లుండీ లేదు. పదండి."

స్టీల్‌ప్లాంటు మెట్ల మీద జారానంటూ ఆయన కుంటుకుంటూ ఇంటికొచ్చి నెల దాటింది. పోయిన ఏడాది ఆవిడ బాత్‌రూంలో పడి ఎడమ తుంటి విరగ్గొట్టుకుంది. ఎముక అతికిందని డాక్టరు చెప్పినా మళ్ళీ పడతానన్న భయంతో మంచం దిగలేదు. వంటతో సహా అన్నీ ఆయనే చేశాడు. ఇప్పుడు తన వంతు వచ్చిందని ఆవిడ కొంగు దోపి లేచింది. పాపం, భయపడటానికి తీరికేదీ?

పై వాటాలో అద్దెకుండే కీర్తన ఎంటెక్ చదువుతోంది. కార్బన్ పొడి కలిపిన ద్రావణంలో స్పాంజి ముంచి, ఆరబెట్టి, ముక్కలు కోసి ఇద్దరి చెప్పుల్లో అతికించింది. అడుగు పడి స్పాంజి నలిగినప్పుడల్లా అందులో పారే కరెంటు మారి, ఏ కాలి మీద ఎంత బరువు పడిందో నడుముకి కట్టిన చిన్న డబ్బాలో నమోదవుతుంది. దాన్ని కంప్యూటర్‌కి తగిలిస్తే గీతలొస్తాయి.

"నాకెందుకే ఈ చెప్పులు?" అంది ఆదిలక్ష్మమ్మ మొదటి రోజున.

"మావయ్య బరువంతా మీ మీదే వేసేస్తున్నారేమో తెలియాలిగా, అత్తా!"

అలా ఇద్దరూ అవే చెప్పులతో రోజూ గాజువాక రైతుబజారు దాకా నడుస్తున్నారు. ఎన్నాళ్ళయినా ఎడమ కాలి గీత మాత్రం లేవలేదు. ఇలాగే ఉంటే కండ చచ్చిపోయి, ఇక జీవితాంతం చక్రాల కుర్చీయేనన్నాడు డాక్టరు. ఆ మాట విన్నాక సన్యాసిరాజుకి ముద్ద దిగడం లేదు.

ఆదివారం కీర్తన ఆయన్ని పైకి పిలిచింది.

"చూడండి మావయ్యా! రెండు గీతలూ సమానం. ఎడమ కాలు పూర్తిగా మోపినట్టే."

"నిజంగానా? మళ్ళీ ఓపాలి సూడు తల్లీ."

"చూశాకే పిలిచాను. ఇక కుర్చీ బెంగ లేదు."

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. సంతోషం పట్టలేక మెట్లు రెండేసి చొప్పున దూకుతూ దిగాడు.

గేటు దగ్గర ఆదిలక్ష్మమ్మ కూరల సంచితో నిలబడి ఉంది. ఆవిడని చూడగానే ఆయన మళ్ళీ కుంటడం మొదలుపెట్టాడు.

"ఏటా తొందర? పడిపోతారు! నా బుజం పట్టుకోండి."

బుద్ధిగా పట్టుకున్నాడు.

కీర్తన చూపించిన గీతలు ఆవిడ పాదాలవి.