ఫ్యాను పక్కనుంచి

"గా మంచం మీద పండుకున్నాయన ఎవరు?" అని అడిగిండు పర్వతాలు. ఆ మంచం మీద పండుకున్నది తనే.

పాలమూరు దవాఖానలో మొగని చెయ్యి పట్టుకొని కూసున్న గోపమ్మ, ఆ చెయ్యిని ఇంకింత గట్టిగ పట్టుకున్నది. రోగమొచ్చి గొర్లన్నీ సచ్చినప్పటిసంది పర్వతాలు తిండి మానిండు. బతుకుడెందుకు అంటుండు. గోలీలతోని గుణం రాకపోతే డాక్టర్ స్నిగ్ధ ఇయ్యాల ఒంట్లకెళ్లి బయటికొచ్చినట్టు అనిపిచ్చే కెటమిన్ సూది ఇచ్చి, పక్కనే కూసోని మాట్లాడిస్తున్నది.

"పెద్దయ్యా, మీరిప్పుడు ఎక్కడున్నరు?"

"పైన, ఫ్యాను పక్కన. జర దాన్ని బంద్ చెయ్యిండ్రి, తలకు తగిలేటట్టుంది."

గోపమ్మ బిరబిర లేచి ఫ్యాను బంద్ చేసింది.

"కిందున్నాయన ఎట్లున్నడు?" అన్నది డాక్టర్.

"పాపం, ఎండిపోయిండు. గొర్లు కాసేటోని లెక్క ఉన్నడు."

గోపమ్మ డాక్టర్ దిక్కు చూసింది. డాక్టర్ తలూపింది.

"ఆయన గొర్లు సచ్చినయంట," అన్నది గోపమ్మ మెల్లగ. "తప్పంత తనదేనంట. ఇగ బతకనంటున్నడు."

పర్వతాలుకు కోపమొచ్చింది. "రోగమొస్తే గాయినేం చేస్తడు? గా ముచ్చట ఎవలూ చెప్పలేదా?"

"నేను రోజూ చెప్తున్న. ఇనడు."

"గట్లెట్ల ఇనడు?" అనుకుంట పర్వతాలు చానాసేపు గొణిగిండు.

మందు దిగినంక కండ్లు తెరిచి, తన రెండు చేతులను తిప్పి తిప్పి చూసుకున్నడు.

"కిందికి దిగినవా?" అన్నది గోపమ్మ.

"దిగిన." మంచం మీద లేచి కూసున్నడు. "గాయినకు ఆకలైతాందే. ఇంత బువ్వ పెడదాం పా."