పడలేదుగా నాన్నా

షాపు వెడల్పుగా కనబడాలని కింది అంతస్తులో స్తంభం కొట్టించిన ఓనరు గారూ, కారు దిగకుండానే దానికి సంతకం పెట్టిన ఇంజినీరు గారూ, మీకు ఆదివారం మధ్యాహ్నం నిద్ర బాగానే పట్టి ఉంటుంది.

కొట్టిన మేస్త్రికి పట్టలేదు.

గచ్చు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా బకెట్టెడు ప్లాస్టిక్ ఇటుకలు. ఎక్కడో పని చేసినప్పుడు, మా పిల్లలు పెద్దవాళ్లయ్యారు తీసుకుపో అని ఇచ్చేశారు. అట్టపెట్టె లేదు, ఎలా కట్టాలో చూపించే బొమ్మల కాగితం లేదు.

"ఏం కట్టను నాన్నా?"

పొద్దుట్నుంచీ ఏడేళ్ల కూతురు ఇది అడగడం పదోసారి.

బస్సు కట్టమన్నాడు. చక్రాల్లేని బస్సుని నువ్వు మోస్తావా అంది. బావి కట్టమన్నాడు. అందులో చూడ్డానికేముంది అంది. ఊరందరికీ ఇళ్లు కట్టే మనిషికి సొంత పిల్లకి ఒక్క ఉపాయం చెప్పడం చేతకాలేదని వంటింట్లోంచి భార్య నవ్వింది.

మేస్త్రికి రోషం వచ్చింది. బకెట్టు బోర్లించాడు.

"ఏం కట్టాలని బుర్ర బద్దలుకొట్టుకోకు. ముందు ఏరు. పొడుగువి ఓ పక్క, పొట్టివి ఓ పక్క. ఏవి ఎక్కువున్నాయో అవే చెప్తాయి నీకు."

పిల్ల ఏరింది. పొట్టివి కుప్పయ్యాయి. స్తంభాలు అంది. పొడుగువి వాటి మీద పరిచింది. మూడు అంతస్తులు లేచాయి.

ఆ కాసేపూ మేస్త్రి అన్నీ మరిచిపోయాడు.

తర్వాత పిల్ల గుండీల డబ్బా తెచ్చింది. అవి మనుషులట. ఎర్ర గుండీ రెండో అంతస్తులో ఉండే కుట్టుమిషను అత్త. నాన్న స్తంభం కొడుతుంటే అన్నం తీసుకెళ్లిన రోజు ఈ గుండీలిచ్చింది ఆవిడే. చిన్న తెల్లవి రెండూ ఆవిడ పిల్లలు. నల్లది పై అంతస్తు తాత.



పిట్టగోడకి ఒక్క ఇటుక తక్కువైంది. పిల్ల కింది అంతస్తులో నడిమి స్తంభం మీద వేలు పెట్టింది.

"అది తీయకమ్మా."

"నువ్వు తీశావుగా."

తీసింది. ఇల్లు అలాగే నిలబడింది. ఒక్క గుండీ కూడా కదల్లేదు.

"చూడు, పడలేదుగా నాన్నా."

ఓనరూ ఇదే మాటన్నాడు.

స్తంభం తీసి ఇనుప గర్డరు ఎక్కించిన రెండో వారానికి పై గోడలో వెంట్రుకంత బీట కనబడింది. మేస్త్రి దానికి అడ్డంగా సన్నటి గాజుముక్క సిమెంటుతో అతికించి, పక్కన తేదీ వేశాడు. గాజు పగిలిందంటే గోడ ఇంకా కదులుతున్నట్టు.

నాలుగో రోజుకి పగిలింది.

గాజు నాసిరకమై ఉంటుందని ఇంజినీరు ఫోనులోనే తేల్చేశాడు. పడలేదుగా, జనాన్ని ఎందుకు బెదరగొడతావు, పుట్టీ పెట్టి రంగెయ్యి అన్నాడు ఓనరు.

వేశాడు. గాజు గీకి పారేశాడు. తేదీ మీద రెండు పూతలు లాగాడు. అంత నున్నగా తన జన్మలో ఏ గోడకీ వేయలేదు. కుట్టుమిషను ఆవిడ చూసి, పనంటే నీదే తమ్ముడూ అని టీ ఇచ్చింది.

తాగాడు.

అది మొన్న గురువారం.

"ఇంకోటి తీయనా?" అంది పిల్ల.

"ముందు మనుషుల్ని దించు."

"ఎందుకూ? పడలేదు కదా."

"దించు తల్లీ."

ఆ గొంతు విని భార్య తడి చేతులతోనే గుమ్మంలోకి వచ్చింది. పిల్ల మూతి ముడుచుకుని ఒక్కో గుండీ గచ్చు మీద పెట్టింది.

మేస్త్రి ఓనరుకి ఫోను చేశాడు. ఆదివారం పూట ఏమిటీ గోల, రేపు చూద్దాం అని పెట్టేశాడు.

అప్పుడు భార్యకి అంతా చెప్పాడు. గాజు సంగతి, రంగు సంగతి, టీ సంగతి.

ఆవిడ గోడకి ఆనుకుంది.

"వాళ్లందరూ తప్పుకుంటారు. నీ మెడకే చుడతారు."

"చుట్టనీ."

పిల్ల స్కూలు గౌను కుట్టింది కుట్టుమిషను ఆవిడే కాబట్టి ఆ నెంబరు భార్య ఫోనులో ఉంది. కొంగుతో చెయ్యి తుడుచుకుని తనే కలిపి ఇచ్చింది.

అవతల మిషను చప్పుడు ఆగింది.

"అక్కా, చేతిలో పని అక్కడే వదిలెయ్. పిల్లల్ని తీసుకుని ఇప్పుడే కిందికి దిగు. సామానొద్దు, ఏమీ వద్దు. పైనున్న తాతకి కేకెయ్. దిగుతూ ప్రతి తలుపూ కొట్టు. ఎవరు చెప్పారని అడిగితే, స్తంభం కొట్టిన మేస్త్రి చెప్పాడను."