కొంగలేని కుంట

కప్పల కుంటకో గీతం ఉంది. రోజూ సాయంత్రం అందరూ వరసగా నిలబడి, భక్తిగా కళ్లు మూసుకుని పాడాలి. అందులో మొదటి మాటే "కొంగలేని కుంట మాది". తాతలు రాసినప్పుడు కొంగ లేదు మరి. ఇప్పుడు ధవళయ్య అనే కొంగ వచ్చి మూడు నెలలైంది. పాట ముగిసేసరికి వరసలో ఒకరు తగ్గుతున్నారు.

మంగతాయి అనే తల్లి కప్పకు పిల్లల్లో ఒక్కడే మిగిలాడు. ఆవిడ తిన్నగా పెద్ద కప్ప గుండప్ప దగ్గరికి వెళ్లింది.

"మావా, ఆ మాట తీసేసి 'కొంగ ఉంది, కళ్లు తెరవండి' అని పెట్టించు."

"తాతల మాట మారుస్తావా? ముందు నోరు కడుక్కో!"

గట్టు మీద ధవళయ్య కళ్లు తుడుచుకున్నాడు. "ఒక్క అక్షరం మారినా నా ప్రాణం నిలవదు పెద్దాయనా!"

"చూశావా? పరాయివాడికున్న భక్తి నీకు లేదే!"

"మరి గీతంలో అబద్ధం ఉండొచ్చా?" అంది మంగతాయి.

ఆ ప్రశ్న పెద్దలను నిజంగానే ఇబ్బంది పెట్టింది. రెండు రోజులు సభ చేసి, పాటను ముట్టుకోకుండానే దారి కనిపెట్టారు. ధవళయ్య కొంగ కాదు, కాస్త పొడుగు సాగిన తెల్ల కప్ప అని తీర్మానించారు. వరసలో చోటు కూడా ఇచ్చారు, మంగతాయి పిల్లాడి పక్కనే.

మంగతాయి ఆ పూటే పిల్లాణ్ణి వీపున ఎక్కించుకుని పక్క పొలం కాలవలోకి గెంతింది. కుంటంతా ఆమెను ద్రోహి అంది.

గీతం కాలవ దాకా వినబడుతుందట. నిన్న సాయంత్రం ధవళయ్య ఒక్కడే పాడాడట. ఒక్క మాట కూడా తప్పు పోలేదట.