విమానంలో పొగ వాసన

"వస్తోంది, ఇంకా వస్తోంది," అంటూ డాక్టర్ హేమచంద్ పైలట్ సీట్లోంచి దిగి మాస్కు సరిచేసుకున్నాడు.

ఇంజను పొగ వాసన. ఆయన మిత్రులతో కలిసి కొనుక్కున్న పాత బుల్లి విమానమది. శీతాకాలమంతా కిల్కెన్నీ ఊరి శివార్లలోని షెడ్డులో తలుపులు మూసుకుని పడి ఉంది. లాక్‌డౌన్ సడలి, మళ్ళీ ఎగరొచ్చన్నారు.

స్వోర్డ్స్ అనే ఊరి నుంచి వచ్చిన మెకానిక్ జగన్ వరంగల్ వాడు. హీటరు గాలి పొగగొట్టం చుట్టూ తిరిగే లోపలికొస్తుంది కాబట్టి, ముందు అక్కడ పగుళ్ళు వెతికాడు. గొట్టంలోకి గాలి ఊది, అతుకుల మీద సబ్బునీళ్ళు చల్లాడు. ఒక్క బుడగా రాలేదు. ఇంజను నడిపి, క్యాబిన్లో విషవాయువు మీటరు పెట్టాడు.

"ఇంజన్ గ్రాండ్ ఉంది సార్, ఏం ఫికర్ లేదు. మీటర్ జీరోనే. నాకైతే పెట్రోల్ వాసన తప్ప ఏం తెలుస్తలేదు."

"నీకు కోవిడ్ వచ్చిందా?"

"వచ్చింది సార్, క్రిస్మస్ అప్పుడు."

"మరింకేం. ముక్కు పోయుంటుంది."

జగన్ చిన్నబుచ్చుకున్నాడు. హేమచంద్‌కీ జనవరిలో వచ్చింది. కొన్ని వారాలు ఏ వాసనా తెలియలేదు. తర్వాత తిరిగొచ్చింది, ఊళ్ళో కాఫీ మాడ్చి అమ్ముతున్నారని, సబ్బులు కూడా పొగ వాసనేస్తున్నాయని విసుక్కునేంతగా. భార్య లలితకుమారి మాత్రం తిరిగి రాలేదు. ఆయన పనిచేసే ఆసుపత్రిలోనే పోయింది, ఆయన ఇంట్లో గది దాటకూడని రోజుల్లో. చివరిచూపు ఫోన్లోనే. ఆ బాధ ఆయన ఎవరితోనూ చెప్పుకోలేదు.

అప్పట్నుంచీ ఇల్లు కదలని కూతురు మృదుల, ఈ ఉదయం తనంతట తనే విమానమెక్కుతానంది. పొగ లోపలికి కమ్మితే ప్రాణాలకే ముప్పు. ఆయనకు మిగిలింది ఆ పిల్ల ఒక్కతే. పాలతో నోరు కాల్చుకున్నవాడు మజ్జిగ కూడా ఊదుకుని తాగుతాడంటారు. మీటరు మాట ఆయన నమ్మలేదు.

మాస్కు తీసి తనే లోపల వెతికాడు. తలుపుల రబ్బరు, కాళ్ళ దగ్గర కార్పెట్, అన్నీ వాసన చూశాడు. పక్క సీటు దగ్గర ఎక్కువగా ఉంది. తల ఆనించే చోటైతే ముక్కు పెట్టలేకపోయాడు.

"ఎప్పుడో కమ్మిన పొగ ఈ కవరుకు పట్టేసింది. పీకెయ్," అన్నాడు.

జగన్ కుట్లు కోసి, కవరు ఊడదీసి బయట చెత్తడబ్బాలో పడేశాడు. హేమచంద్ మళ్ళీ లోపలికెళ్ళి గట్టిగా గాలి పీల్చాడు. వాసన లేదు. ఎన్నాళ్ళకో మనసు తేలికపడి, కారులో కూర్చున్న కూతుర్ని పిలిచాడు.

మృదుల వచ్చి, బోడి స్పంజి సీటు చూసి ఆగిపోయింది. కవరేదని ఇంగ్లీషులో అడిగింది. జగన్ డబ్బా వైపు చూపించాడు. తండ్రి ముట్టుకోవద్దంటున్నా వినకుండా వెళ్ళి దాన్ని బయటికి తీసింది. మాస్కు కిందికి లాగి, అందులో మొహం దాచుకుంది. చాలాసేపటికి తలెత్తి, ఎప్పుడోగాని మాట్లాడని తెలుగులో అంది.

"డాడ్, అమ్మ సెంటు వాసన ఇంకా పోలేదు."