మేస్త్రి వాటా

"తాగి రిపేరు సేసినావు. అందుకే బండి తాగినోడిలాగ తూలుతోంది!"

అరకులోయ సంతకు వెళ్ళే రోడ్డు పక్కన, మెకానిక్ లాజరస్ రేకుల షెడ్డు ముందు నిలబడి ధర్మ అరిచాడు. పక్కనే అతని పాత పికప్ బండి దగ్గుతూ, వణుకుతూ, తెల్లటి పొగ కక్కుతోంది. బండి నిండా అల్లం బస్తాలు. బస్తాల మీద ధర్మ తండ్రి సుక్రు కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. సంతకు పోయే జనం తట్టలు దించుకుని మరీ ఆగారు.

లాజరస్‌కి ఒళ్ళు మండిపోయింది. మూడు రోజులు ఇంజను విప్పి, కొత్త రింగులు వేసి, నిన్న సాయంత్రమే అప్పగించిన బండి అది.

"నోరు సూసుకొని మాటాడు ధర్మా. నాను తాగుడు మానేసి ఐదేళ్ళయింది. గవర్నమెంటే మందు మానిపించి మళ్ళీ మొదలెట్టింది. నాను మొదలెట్టలేదు."

"మరి ఘాటీలో మూడుసార్లు ఎందుకాగిపోయింది? ఇక్కడిదాకా తోసుకొచ్చినంత పనయింది. మజ్జేన్నం దాటితే నా అల్లం ఎవుడు కొంటాడు?"

మందు మానిన మనిషికి ఇదొక ఖర్మ. తాగే రోజుల్లో అతన్ని ఎవరూ ఏమీ అడగరు. మానేశాక మాత్రం చెయ్యి వణికినా, మాట తడబడినా, చివరికి ఎవడి బండి దగ్గినా అందరి చూపూ అతని మీదే.

సరిగ్గా అప్పుడే లాజరస్ భార్య మగ్దలేనమ్మ అన్నం క్యారియరు పట్టుకుని వచ్చింది. ధర్మ గొంతు తగ్గించలేదు సరికదా, ఇంకాస్త పెంచాడు.

"సూడమ్మా, నీ మొగుడు మళ్ళీ మొదలెట్టినాడు!"

ఆమె మొహం మాడిపోయింది. "ఇంకోసారి ముట్టుకుంటే పిల్లల్నట్టుకొని మా అమ్మోరింటికి ఎల్లిపోతానని సెప్పినాను. గురుతుందా?" అంది భర్తతో.

"గురుతుంది. ఇక్కడే కూకో. తప్పెవుడిదో నీ కళ్ళ ముందే తేలుస్తాను."

లాజరస్ బానెట్ ఎత్తాడు. ముందు చక్రానికి పసుపూ, ఒక కోడి ఈకా అంటుకుని ఉన్నాయి. అవేవీ చూసే ఓపిక అతనికి లేదు. నడుస్తున్న ఇంజను మీద డీజిల్ పైపుల నట్లు ఒక్కొక్కటే వదులు చేసి మళ్ళీ బిగించాడు. ఏదో ఒక సిలిండరు చచ్చిపోతే ఇలా దొరికిపోతుంది. నాలుగూ ఒక్కలాగే కొట్టుకుంటున్నాయి. ఇంజను ఆపి వాల్వు సందులు కొలిచాడు. తను పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

"సూసినావా? నా పనిలో వంక లేదు."

"మేస్త్రీ..." అన్నాడు బస్తాల మీంచి సుక్రు.

"నువ్వూరుకో అయ్యా! ఇంజను సంగతి నీకేటి తెలుసు?" కసిరాడు ధర్మ. సుక్రు చుట్ట నోట్లో పెట్టుకున్నాడు.

ఇక మిగిలింది డీజిల్ ఒక్కటే. లాజరస్ ఫిల్టరు అడుగున ఉన్న మరను వదులు చేసి, కిందకు కారినది గాజు సీసాలో పట్టాడు. నిమిషంలో అది రెండుగా విడిపోయింది. పైన డీజిల్, అడుగున నీళ్ళలాంటిది.

"నీళ్ళు! డీజిల్‌లో నీళ్ళు కలిసినాయి. నువ్వు కొన్నకాడ అడుగు, నన్ను కాదు!" లాజరస్ విజయగర్వంతో సీసాను జనానికి చూపించాడు.

ధర్మ ఆ సీసా లాక్కుని వాసన చూశాడు. దాన్ని మగ్దలేనమ్మ ముక్కు దగ్గర పెట్టాడు.

ఆమె ఒక్కసారిగా తల తిప్పుకుంది. డీజిల్ కంపును కూడా మించిపోయి గుప్పుమంది, ఇప్పసారా.

"నీళ్ళా ఇయ్యి?" ధర్మ షెడ్డులోకి వేలు చూపించాడు. గోడవారన డీజిల్‌కీ, ఆయిల్‌కీ, కిరసనాయిల్‌కీ అన్నిటికీ పాత బ్రాందీ సీసాలే వరుసగా ఉన్నాయి. "తాగి తాగి, ఏ సీసాలో ఏటున్నాదో తెలీక నీ సారా నా ట్యాంకులో ఒంపీసినావు!"

జనంలో ఎవరో నవ్వారు. లాజరస్ ఐదేళ్ళు పళ్ళ బిగువున నిలబెట్టుకున్న పరువు, తన చేత్తో తనే పట్టిన సీసాలో మునిగిపోయింది. ఇంతకన్నా అన్యాయం ఇంకేముంటుంది!

"బైబిలు మీద ఒట్టు మగ్దలేనా. నాను ముట్టుకోలేదు."

మగ్దలేనమ్మ క్యారియరు అక్కడే వదిలేసి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ రోడ్డెక్కింది.

"ఆగు గుంటా," అంటూ సుక్రు బస్తాల మీంచి దిగి ఆమెకు అడ్డం వచ్చాడు. కొడుకు చేతిలోంచి సీసా తీసుకుని, వాసన చూసి, తృప్తిగా తల ఊపాడు. "ఇది మనింటి సారాయే. తెల్లారగట్ల కోడిని కోసి, నానే పోసినాను."

"ట్యాంకులోనా!" ధర్మ నోరు తెరిచేశాడు. "ఎందుకు అయ్యా?"

"ఎందుకేటి? రోగం నుంచి లేసినోడికి ఒక ఆనపబుర్ర సారా, లేపినోడికి ఒక బుర్ర పొయ్యాల. మన తాతలకాడ నుంచీ అంతే కదరా. ఒక్క బుర్రయితే బండి ఓర్చుకునేదేమో. నిన్న నాను ఎంత బతిమాలినా ఈ మేస్త్రి ఒక్క సుక్క ముట్టుకోలేదు, అందుకే ఆయన వాటా కూడా దానికే పోసీసినాను."