మూడో నవల మీద నా తీర్పు

సంపాదకులవారికి. వీధిలో నన్ను గొంతమ్మ అంటారు. వయసు డెబ్బై తొమ్మిది. ఇంట్లో నేనూ, కొడుకూ, కోడలూ ఉంటాం. నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే కోడలు రాస్తోంది.

మీ పత్రికలో కొత్త నవలల మీద సమీక్షలు రాసేది నా కొడుకే. కానీ పుస్తకం పైకి చదివేది కోడలు, విని తీర్పు చెప్పేది నేను. వాడు దాన్ని మంచి భాషలో పెడతాడంతే. ఏడేళ్లుగా ఇదే పద్ధతి.

ఈ నెల హత్య నవల బాగుందన్నాను, అలాగే రాశాడు. దెయ్యం నవల వింటూ నిద్రపోయానన్నాను, అదీ రాశాడు. సంసారం నవల మాత్రం వట్టి ఊకదంపుడన్నాను. అందులో అత్త మూడొందల పేజీలూ అరుస్తూనే ఉంటుంది. ఎందుకరుస్తోందో ఒక్క పేజీలోనూ లేదు. వాడేమో దాన్ని "అపురూపం" అని అచ్చేయించాడు!

నిలదీస్తే, "పోనీలేమ్మా, ఆవిడకిది మొదటి పుస్తకం" అన్నాడు. మొదటిదైతే నాకేంటి? నా నోట్లో లేని మాట నా తీర్పెలా అవుతుంది? తప్పు దిద్దండి.

ఇక్కడ కోడలు కలం ఆపేసింది. ఏమైందే అంటే, "మారుపేరుతో రాశాను అత్తయ్యా. ఆ నవల నాదే" అంది.

"అయితే ఆ అత్త?"

కోడలు కలానికి మూత పెట్టబోయింది.

"ఎందుకరుస్తున్నానో నన్నే అడగొచ్చు కదే, పక్క గదిలోనే ఉన్నాగా!" అన్నాను. ఇదీ రాయమన్నాను.

తీర్పు మారలేదు. దిద్దుబాటు వెయ్యండి.

వేలిముద్ర నాది. సాక్షులు: రాసిన కోడలు, గుమ్మంలో నిలబడ్డ కొడుకు.