ఈశాన్యంలో బరువు

ఇసుక బస్తా మోసుకుంటూ విమానం ఎక్కుతున్న ముసలాయన్ని సతీశ్ చొక్కా పట్టి కిందికి లాగాడు.

"ఎవరు నువ్వు? ఎవర్నడిగి ఎక్కుతున్నవ్?"

"సాయిలు అంటరు బిడ్డా. రామన్నపేట దిక్కు మాది. ముక్కుకాడ జర బరువు పెడుతున్న."

సతీశ్‌కు నవ్వూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

ఆ విమానం ముచ్చట కేతేపల్లి చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు. పాతికేళ్లు సముద్రాలు దాటిన భారీ విమానం అది. ఒక్కో వరుసలో పదిమంది కూర్చునేంత వెడల్పు. ముసలిదైపోయిందని ఇంజన్లు ఊడదీసి ఒకరికి, రెక్కలు సగానికి కోసి ఇంకొకరికి అమ్మేశారు. మిగిలిన మొండేన్ని సతీశ్ వేలంలో పాడుకున్నాడు. ఉన్న రెండెకరాలూ దానికే కరిగిపోయాయి.

హైవే పక్కన దాని చక్రాల మీదే నిలబెట్టి హోటల్ పెట్టాలని అతని ఆశ.

"భూమి అమ్మి రేకుడబ్బా తెచ్చిండు" అని భార్య తిరుమల నెలరోజులు అతనితో మాట్లాడలేదు. చివరికి వంటకు తనే నడుం బిగించింది.

"బరువు ఎందుకు?" అని అడిగాడు సతీశ్.

"ఇంజన్లు పోయినయి గద. ముంగట తేలికైంది. ఎనక జర ఎక్కువైతే తోక మీద కూసుంటది."

"కూసుంటానికి అదేమన్న కుక్కనా?"

పనివాళ్లు పకపకా నవ్వారు. సాయిలు నవ్వలేదు.

"కూసుంటది బిడ్డా. నాకెరుక."

ఎందుకో సతీశ్ మనసు మెత్తబడింది. పోనీలే, ఇసుకే కదా అనుకున్నాడు. వారం తిరిగేసరికి ముసలాయన ముక్కు భాగంలో వందకు పైగా బస్తాలు పేర్చాడు. కూలి అడగలేదు. పెడితే తిన్నాడు, లేకుంటే లేదు.

హోటల్ తెరిచే ముందురోజు వాస్తు చూడటానికి పంతులు వచ్చాడు. బోరు వేసినా, గొర్రెల దొడ్డి కట్టినా వాస్తు చూపించే ఇంట్లో పుట్టినవాడు సతీశ్. విమానాన్ని మాత్రం ఎలా వదులుతాడు?

పంతులు దిక్సూచి పెట్టి చూసి ముఖం ముడుచుకున్నాడు.

"ముక్కు ఈశాన్యానికి ఉన్నది. ఈశాన్యంల గింత బరువా? ఇంటిల్లిపాదికీ అరిష్టం. ఎంత బరువున్నా నైరుతిల ఉండాలె."

నైరుతి అంటే తోక.

భూమి ఎలాగూ పోయింది, ఇప్పుడు అరిష్టం కూడా తగిలితే తట్టుకోలేననుకున్నాడు సతీశ్.

సాయంత్రానికల్లా ఇసుక బస్తాలన్నీ తోకలోకి చేరాయి. వాటి పక్కనే నీళ్ల ట్యాంకు, బియ్యం, ఫ్రిజ్‌లు, గ్యాస్ పొయ్యిలు.

సాయిలు పరుగున వచ్చి చేతులు జోడించాడు.

"వద్దు బిడ్డా. వంట యాడ చేస్తరు?"

"తోకలనే. నా పెండ్లాం చేస్తది. నీకేంది?"

ముసలాయన ముఖం పాలిపోయింది.

"ఆ బిడ్డను బయట వండుమను. నీ కాళ్లు మొక్కుత."

నిజంగానే వంగాడు. శుభమా అని హోటల్ పెడుతుంటే ఈ ఏడుపేమిటని సతీశ్‌కు ఒళ్లు మండింది. జబ్బ పట్టి రోడ్డు దాకా ఈడ్చుకెళ్లి వదిలాడు.

"మళ్ల గిటు దిక్కు కనపడితే పోలీసోళ్లకు పట్టిస్త."

సాయిలు ఎక్కడికీ పోలేదు. రోడ్డు అవతల కల్వర్టు మీద కూర్చుని విమానం వైపే చూస్తూ ఉండిపోయాడు.

మర్నాడు పదింటికి రిబ్బన్ కత్తిరించారు. జనం విరగబడ్డారు. ముందు తలుపులోంచి ఎక్కినవాళ్లు ఎక్కినట్టే బిర్యానీ వాసన పట్టుకుని తోక వైపు నడిచారు. వడ్డన అక్కడే మరి. సతీశ్ కింద నిలబడి మురిసిపోతున్నాడు.

ఎక్కడో ఇనుము కిర్రుమంది.

ముందు చక్రం నేలను వదిలింది. బెత్తెడు లేచింది. మూరెడు లేచింది.

"తిరుమలా" అని అరిచాడు సతీశ్. తోకలో మరిగే నూనె ఉంది, దాని ముందు ఆమె ఉంది, ఆమె చుట్టూ వందమంది ఉన్నారు.

అప్పుడు ట్రాక్టర్ చప్పుడు వినిపించింది.

మెట్లు కట్టగా మిగిలిన బండరాళ్లతో రోడ్డు పక్కన నిలిపి ఉంచిన ట్రాలీ అది. దాన్ని వెనక్కి నడుపుకుంటూ సాయిలు సూటిగా తోక కిందికి వచ్చేశాడు. చేయి తిరిగినవాడు కాకపోతే ట్రాలీని అలా నడపలేడు. తోక వచ్చి రాళ్ల మీద పడింది. ట్రాలీ నుజ్జయింది, ట్రాక్టర్ ఎగిరి బోల్తా కొట్టింది. కానీ తోక అక్కడే ఆగిపోయింది.

జనం గగ్గోలు పెడుతూ దిగారు. తిరుమలకు చేయి కాలింది, అంతే.

ట్రాక్టర్ కింద నుంచి బయటికి తీసేసరికి సాయిలుకు ఊపిరి లేదు.

నల్లగొండ దవాఖాన ముందు సాయిలు చెల్లెలు భద్రమ్మ కాళ్ల దగ్గర సతీశ్ కూలబడ్డాడు. నిన్న ఆ ముసలాయన్ని ఈడ్చిన చేతులను ఎక్కడ దాచుకోవాలో అతనికి తెలియలేదు.

"తప్పు నాది అవ్వా. ఆయన చెప్పిండు, నేనే ఇనలే. అసలు గాయినకు గివన్ని ఎట్ల ఎరుక?"

భద్రమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

"గల్ఫ్‌ల ఇరవై ఏండ్లు ట్రాలీలు నడుపుకుంట విమానాలకు సామాన్లు ఎక్కిచ్చుడు, దించుడు ఆయన పని. మా వదినె గూడ ఆడనే, విమానాలు ఊడ్చేది. ఒకనాడు గిట్లనే విమానం తోక మీద కూసున్నది. ఆమె తోకల ఉండె. బతుకలే. గప్పటిసంది యాడ పాత విమానం నిలబెట్టిన్రన్నా, గాడికి పోయి ముక్కుల బస్తాలు మోస్తడు."

"గది ఎవలు చేసిన తప్పు అవ్వా?"

భద్రమ్మ శవాల గది తలుపు వైపు చూసింది.

"ముంగటి సామానంత ముందుగాల దించింది మా అన్ననే బిడ్డా."